గెలాక్సీ వాంగ్మూలం

ఎర్రదొన కొండ మీద రేడియో టెలిస్కోప్ కేంద్రంలో నేను పంతొమ్మిదేళ్ళుగా ఆఫీసు సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. పేరు బొమ్మిశెట్టి కేశవయ్య. నక్షత్రాల గురించి నాకు తెలిసింది తక్కువ, ఫైళ్ళ గురించి తెలియంది తక్కువ. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

ముందు ఆ ఉత్తర్వు సంగతి చెప్పాలి. ఆ మధ్య ఎక్కడో ఒక శాస్త్రవేత్త ఫలానా వంతెనకు పగుళ్ళు వచ్చాయని ఇంగ్లీషులో పరిశోధనా పత్రం రాశాడు. దాన్ని ఎవరూ చదవలేదు. వంతెన కూలింది. గొడవైంది. దాంతో పైనుంచి ఉత్తర్వు దిగింది. ఇకమీదట ప్రభుత్వ సంస్థల్లో రాసే ప్రతి పరిశోధనా పత్రానికీ తెలుగులో ఒక పేజీ సారాంశం తయారుచేసి జిల్లా చర్యల సమన్వయ కేంద్రానికి పంపాలి. అందులో నష్టం, ప్రమాదం, అఘాయిత్యం ఏది కనిపించినా సంబంధిత శాఖ పదిహేను రోజుల్లో చర్య తీసుకోవాలి. సారాంశంలో వాడే మాటలన్నీ ప్రభుత్వం అచ్చువేసిన పదకోశంలోవే అయి ఉండాలి. సొంత మాట వాడిన ఉద్యోగి సంజాయిషీ ఇచ్చుకోవాలి.

మంచి ఉత్తర్వే. అందులో నాకు ఇప్పటికీ తప్పు కనిపించదు.

మా కేంద్రంలో డాక్టర్ షాహీన్ అని ఒక శాస్త్రవేత్త ఉన్నారు. కదిరి వైపు మనిషి. పదకొండేళ్ళుగా ఆమె ఒకే ఒక్క గెలాక్సీని చూస్తున్నారు. దాని అసలు పేరు పద్నాలుగు అంకెల నంబరు. ఆవిడ మాత్రం 'చిట్టి' అంటారు. ఆ చిట్టి మీద ఆమె రాసిన పత్రానికి తెలుగు సారాంశం రాసే పని నాకు పడింది. అసలు విషయం ఏమిటో చెప్పమని ఆమె గదికి వెళ్ళాను.

"ఏం లేదు సార్," అన్నారామె. "గెలాక్సీ నిండా హైడ్రోజన్ గ్యాస్ ఉంటుంది. కొత్త నక్షత్రాలు పుట్టేది ఆ గ్యాస్ నుంచే. ఒంటరిగా ఉన్నన్నాళ్ళూ గెలాక్సీకి ఏ ఇబ్బందీ లేదు. గుంపులోకి పోయిందనుకోండి, పక్క నుంచి పోయే గెలాక్సీలు తమ ఆకర్షణతో ఒకటి ఇటు లాగుతుంది, ఒకటి అటు లాగుతుంది. పైగా గుంపంతా పలచటి వేడి వాయువు నిండి ఉంటుంది. అది ఎదురుగాలి లాగా కొడుతుంది. మోటారు సైకిల్ మీద స్పీడుగా పోతుంటే భుజం మీది తువ్వాలు ఎగిరిపోతుంది చూడండి, అట్లా దీని గ్యాస్ వెనక్కి ఎగిరిపోతుంది. బయటి నుంచి కొత్త గ్యాస్ వచ్చే దారి కూడా మూసుకుపోతుంది. ఇక నక్షత్రాలు పుట్టవు."

"మీ పత్రంలో ఈ హెరాస్‌మెంట్ అంటే ఏమిటమ్మా?"

"అది మా వాళ్ళు పెట్టుకున్న మోటు పేరు సార్. పక్క గెలాక్సీలు మళ్ళీ మళ్ళీ వచ్చి కదిలించి పోవడం."

పదకోశం తెరిచి చూశాను. వేధింపులు అని ఉంది. కొత్త గ్యాస్ దారి మూసుకుపోవడానికి పత్రంలో వాడిన స్ట్రాంగ్యులేషన్ అన్న మాట చూశాను. గొంతు నులుముట అని ఉంది.

"గొంతు అనేది దానికి ఉండదు సార్," అన్నారు షాహీన్ గారు.

"పదకోశంలో ఇంకో మాట లేదమ్మా."

ఆమెకు అవతల పని ఉంది. టెలిస్కోప్ జూలై ఒకటిన మరమ్మతుకు పోతుంది. మళ్ళీ తెరిచేది రెండేళ్ళ తర్వాతే. ఆలోగా చిట్టి వెనక సాగిన గ్యాస్ తోకను చివరిదాకా కొలవాలని ఆమె ఆరాటం. "ఏదో ఒకటి రాసేయండి సార్, ఎవరు చదువుతారు?" అని లేచి వెళ్ళిపోయారు.

నేను రాసింది ఇది: "చిట్టి అనబడు గెలాక్సీ గుంపులోనికి ప్రవేశించిన పిదప తోటి గెలాక్సీలచే పలుమార్లు వేధింపులకు గురియై, గొంతు నులమబడి, నూరు కోట్ల సూర్యుల బరువు గల వాయువును కోల్పోయి, నక్షత్రములను కనలేని స్థితికి చేరినది."

ప్రతి మాటా పదకోశంలోదే. రెండుసార్లు సరిచూసి పంపాను.

తొమ్మిదో రోజున గ్యాస్ భద్రతా శాఖ నుంచి వజ్రవేలు అనే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చేతిలో సబ్బు నీళ్ళ బకెట్టు, ఒక కుంచె.

"లీకు ఎక్కడుండాదో చూపీండి సార్," అన్నాడు.

షాహీన్ గారు ఆకాశం వైపు చూపించారు. అతను కాసేపు పైకి చూసి ఫారం తీశాడు.

"పైపు మార్చి ఎన్నాళ్ళయిందండీ?"

"పైపు లేదండీ."

"అదీ సంగతి! పైపు లేకుండా వాడితే లీకు గాక ఇంకేమవుతుంది? రెగ్యులేటర్ అయినా కట్టేసినారా?"

ఫారంలో నష్టపోయిన వాయువు బరువు కిలోల్లో రాయడానికి ఆరు గడులు ఉన్నాయి. షాహీన్ గారు లెక్క చెప్పారు. రెండు, దాని పక్కన ముప్పై తొమ్మిది సున్నాలు. వజ్రవేలు గడులు దాటి, అంచు దాటి, కాగితం తిప్పి వెనక కూడా రాశాడు. ఆ తర్వాత మా టెలిస్కోప్‌లోని పన్నెండు ఆంటెన్నాల కాళ్ళకూ సబ్బు నీళ్ళు పూసి బుడగలు వస్తాయేమోనని ఒక్కో దాని ముందూ ఓపికగా కూర్చున్నాడు. బుడగలు రాలేదు. "మీ వైపు నుంచి లీకు లేదు. బాగా పెట్టుకున్నారు," అని సర్టిఫికెట్ ఇచ్చాడు.

అయితే నిబంధన ఒకటి ఉంది. పోయిన గ్యాస్ బరువును బట్టి చుట్టూ ఎంత దూరం మంట వెలిగించకూడదో లెక్కకట్టాలి. అతని ఫోన్ ఆ లెక్క చెయ్యలేక మొరాయించింది. అతను నిజాయితీపరుడు. "సూర్యుడు కూడా హద్దు లోపలే వస్తాడు సార్. ఆయన సంగతి పై అధికారులకు రాస్తా. మీ క్యాంటీన్ పొయ్యి మాత్రం ఇప్పుడే ఆర్పెయ్యండి," అన్నాడు. ఆ రోజు నుంచి కొండ మీద అందరం మజ్జిగ తాగాం.

అంతటితో అయిపోయిందనుకున్నాం. జూన్ మొదటి వారంలో సమన్వయ కేంద్రం నుంచి సంయుక్త విచారణాధికారి శ్రీ తారకభూషణం గారు జీపులో వచ్చారు. వెంట హెడ్ కానిస్టేబుల్ మద్దిలేటి. తారకభూషణం గారు కూర్చోకముందే నా సారాంశాన్ని పైకి చదివారు. 'గొంతు నులమబడి' దగ్గర ఆగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"బాధితురాలి వయస్సు?"

"సార్, అది గెలాక్సీ," అన్నారు షాహీన్ గారు. "ఆడా మగా అనేది దానికి ఉండదు."

"సారాంశమున 'చేరినది' అని స్పష్టముగా ఉన్నది. 'చేరినాడు' అని లేదు. ఏమయ్యా సూపరింటెండెంటూ?"

తెలుగు వ్యాకరణం ప్రకారం మగవాడు కాదన్నంతవరకు ఖాయమేనని నేను మనవి చేశాను.

"పైగా 'కనలేని స్థితి'. పైగా పేరు చిట్టి. ఇంకేమి సందేహము? వయస్సు?"

"వెయ్యి కోట్ల ఏళ్ళు ఉంటాయి సార్, సుమారుగా."

"మేజరే," అని రాసుకున్నారు. "ఘటనాసమయమున బాధితురాలు ఎంత వేగముతో పోవుచుండెను?"

"సెకనుకు పదిహేను వందల కిలోమీటర్లు."

మద్దిలేటి ఈల వేసి, వెంటనే నోరు మూసుకున్నాడు. "భయపడి పరుగు," అని రాశారు తారకభూషణం గారు. "నిందితులు ఎందరు?"

"ఆ గుంపులో వెయ్యి గెలాక్సీలు ఉన్నాయి సార్. ఏదో ఒకదాని పని అని చెప్పలేం. తలా కొంచెం."

"సామూహిక దాడి. దీనిని మీరు ఎంతకాలముగా చూచుచున్నారు?"

"పదకొండేళ్ళుగా."

తారకభూషణం గారు కలం కింద పెట్టారు.

"పదకొండు సంవత్సరములు! ఒక అబల గుంపులో నలిగిపోవుచుండగా చూచుచూ కూర్చుంటిరా? ఒక్క ఫిర్యాదు లేదు! పైగా కొలతలు తీసికొంటిరా?"



ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. నేరము ఏ సాధనము ద్వారా కనిపించినదో ఆ సాధనము సాక్ష్యము గనుక విచారణ ముగియువరకు దానిని ఎవరును ముట్టరాదు. పన్నెండు ఆంటెన్నాలకూ తెల్లగుడ్డ కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. లక్క కరిగించడానికి మంట కావాలి గనుక వజ్రవేలు దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం షాహీన్ గారు ఏడో ఆంటెన్నా నీడలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. సంతకం కోసం వెళ్ళాను.

"పదకొండేళ్ళు సార్," అన్నారు నా వైపు చూడకుండా. "తోక చివర ఒక్కటే మిగిలింది. ఎగిరిపోయిన గ్యాస్ ఏమవుతుందో నాకు తెలియాలి. ఊరికే చెదిరిపోతుందా, లేక దానికింకా ఏమైనా శక్తి ఉందా అని. ఇంకో మూడు వారాలు వింటే తేలిపోయేది. రెండేళ్ళ తర్వాత ఎవరు ఎక్కడ ఉంటారో."

నేను తప్పు చేశానని నాకు అనిపించలేదు. పదకోశంలో ఉన్నదే రాశాను. కానీ ఆ పూట అన్నం సయించలేదు.

ఆమె తారకభూషణం గారికి అర్జీ పెట్టుకున్నారు. చిట్టి మనిషి కాదు, గెలాక్సీ అని నాలుగు పేజీల్లో వివరించారు. నాలుగో రోజుకు జవాబు వచ్చింది. "సదరు చిట్టి మనిషి కాదని ఆమె స్వయముగా సంతకము చేసిన ధ్రువపత్రము జతపరచవలెను."

ఈలోగా చిట్టికి విచారణకు హాజరు కమ్మని సమన్లు జారీ అయ్యాయి. వాటిని అందించే పని మద్దిలేటికి పడింది. అతను చెమటలు కక్కుతూ కొండెక్కి వచ్చి, షాహీన్ గారి ముందు కాగితం పెట్టాడు.

"అమ్మా, ఈ ఊరికి బస్సుండాదా?"

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, పట్టపగటి ఆకాశంలో తూర్పు వైపు ఒక చోటు చూపించారు. "అదో, అక్కడ. ఇప్పుడు కంటికి కనపడదు. వెలుగు బయలుదేరి పోయినా ముప్పై రెండు కోట్ల ఏళ్ళు పడుతుంది."

మద్దిలేటి మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "నాకు రిటైర్మెంటు పద్నాలుగు నెలలే ఉండాదమ్మా," అన్నాడు దిగులుగా. "పోనీ, ఆయమ్మ అయినా ఈ పక్కకు వచ్చే పని ఉండాదా?"

"లేదన్నా. ఆమె మాట మాత్రం వస్తూ ఉంటుంది. ఎప్పుడో బయలుదేరిన రేడియో తరంగాలు ఇప్పుడు ఇక్కడికి చేరుతుంటాయి. మేం వినేది అదే. ఇప్పుడు ఈ గిన్నెలకు గుడ్డలు కట్టారు కదా, వచ్చింది వచ్చినట్టు వృథాగా పోతోంది."

మద్దిలేటి కిటికీలోంచి ఆ గుడ్డల వైపు చూశాడు. "అంటే ఆయమ్మ చెప్తానే ఉండాది, మనమే చెవులు మూసుకోనుండామా?" అన్నాడు.

ఆ మాట వినగానే పక్కనే టేబులు దగ్గర నిలబడిన నాకు ఒంట్లో ఏదో కదిలింది. భక్తి అందామా అంటే, నేను అంతకు ముందు దాన్ని నిబంధనల పుస్తకం ముందు తప్ప ఎరగను. నేరుగా నా గదికి వెళ్ళి విచారణ నియమావళి తీశాను. నూట పద్నాలుగో పేజీలో దొరికింది. "బాధితులు స్వయముగా రాలేని పక్షమున వారున్న చోటి నుండియే ఏ సాధనము ద్వారానైనను వాంగ్మూలము నమోదు చేయవలెను. చెప్పుచుండగా ఎవరును మధ్యలో ఆటంకపరచరాదు."

గంటన్నరలో అర్జీ తయారైంది. షాహీన్ గారు చదివి తలెత్తారు.

"ఇది అబద్ధం కాదా సార్?"

"ఎక్కడమ్మా? గ్యాస్ నుంచి వచ్చే తరంగాలు గెలాక్సీ పరిస్థితి చెబుతాయని మీ పత్రంలో మొదటి వాక్యమే ఉంది. నేను 'చెబుతాయి' అన్న మాటకు కింద గీత గీశాను. అంతే."

సీళ్ళు పడ్డాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

విచారణ మా సమావేశం హాలులో జరిగింది. తారకభూషణం గారు అర్జీ చదువుతున్నంతసేపూ ఆయన ముఖం రంగులు మారింది.

"అనగా బాధితురాలు ఇప్పుడును మాట్లాడుచున్నదా?"

"ఇప్పుడు కూడా సార్," అన్నారు షాహీన్ గారు. ఈ కొద్ది రోజుల్లో ఆమె ఫైళ్ళ భాష బాగానే పట్టుకున్నారు. "తమరు సీలు వేసిన రోజు నుంచి ఆమె చెప్పిన పదమూడు రోజుల వాంగ్మూలం నమోదు కాకుండా పోయింది. ఒకసారి దాటిపోయిన తరంగాన్ని వెనక్కి తెచ్చే మార్గం శాస్త్రంలో లేదు."

"సీలు... నేను వేసిన సీలా?"

"తమరి సంతకంతోనే ఉంది సార్," అని నేను నకలు ముందు పెట్టాను.

తారకభూషణం గారు మజ్జిగ అడిగి తాగారు. గ్లాసు కింద పెట్టేసరికి ఆయన మరో మనిషి. నిలబడి, గోడకున్న గడియారం వైపు చూస్తూ ఉత్తర్వు చెప్పారు. నేను రాసుకున్నాను. పన్నెండు ఆంటెన్నాల సీళ్ళు తక్షణమే తొలగించవలెను. అవి పన్నెండును బాధితురాలి వైపు తప్ప వేరొక వైపు చూడరాదు. ఆమె కనిపించినంతసేపూ ఆమె మాట ఒక్కటియు జారిపోకుండ నమోదు చేయవలెను. వాంగ్మూలము ముగియువరకు మరమ్మతుల పేరిట ఎవరును యంత్రములను ముట్టరాదు.

"ముగియుటకు ఎంతకాలము పట్టవచ్చును?" అని చివర్లో అడిగారు.

"ఆమె చెప్పవలసింది చాలా ఉంది సార్," అన్నారు షాహీన్ గారు.

"పాపము," అన్నారు తారకభూషణం గారు. ఆ మాట ఆయన మనసులోంచే వచ్చింది. ఆయన మంచివాడు. అంత మంచివాడి చేతిలో అన్ని సీళ్ళు ఉండడం వల్లే ఇంత జరిగింది. "నమ్మకమైన సాక్షి ఒకరు ఉండవలెను. మద్దిలేటీ, నువ్వు ఇక్కడే ఉండుము."

మా కేంద్రం చరిత్రలో ఒక శాస్త్రవేత్తకు పన్నెండు ఆంటెన్నాలూ ఒకేసారి ఇచ్చింది లేదు. మిగతా శాస్త్రవేత్తలు కొన్నాళ్ళు ముఖాలు మాడ్చుకున్నారు. ఒకాయన తన గెలాక్సీని కూడా ఎవరో వేధించారని రాసిపెట్టమని నన్ను ఒంటరిగా పిలిచి అడిగాడు. నేను నిబంధనలు ఒప్పుకోవన్నాను.

మద్దిలేటి రోజూ పొద్దున పదింటికి వచ్చి కంట్రోల్ రూములో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు. తరంగాలను శబ్దంగా మార్చి షాహీన్ గారు అతనికి వినిపించారు. మొదటి రోజు భయపడ్డాడు. "ఏందమ్మా, సన్నసెగ మీద చారు కాగినట్లు ఉస్సుమంటాది?" అన్నాడు. వారం తిరిగేసరికి ఎవరైనా గదిలో గట్టిగా మాట్లాడితే వేలు పెదవుల మీద పెట్టేవాడు. రోజూ సాయంత్రం విచారణాధికారికి పంపే నివేదిక నా చేతి మీదుగానే పోయేది. "బాధితురాలు ఇంకా పేర్లు చెప్పలేదు. ఊపిరి ఆడుచున్నది." మర్నాడు, "పేర్లు చెప్పలేదు. నిన్నటికన్నా నిమ్మళముగా ఉన్నది."

జూలై దాటింది, ఆగస్టు దాటింది. మరమ్మతు వాళ్ళు వచ్చి ఉత్తర్వు చూసి వెళ్ళిపోయారు. షాహీన్ గారు తోక వెంబడే పోయారు. చివర అనుకున్నచోట చివర లేదు. ఇంకా సాగి ఉంది. అక్కడక్కడా గ్యాస్ ముద్దలు కట్టి ఉంది. ఇంకో దేశంలో ఆమె స్నేహితురాలు మామూలు వెలుగులో తీసిన ఫొటోలు తెప్పించుకుని, ఈ ముద్దల పటం పక్కన పెట్టి చూశారు. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం మూడింటప్పుడు కంట్రోల్ రూములోంచి ఆమె గొంతు వినిపించి నేను పరిగెత్తాను. కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఉన్నారు. కళ్ళ వెంట నీళ్ళు.

"ఏమైందమ్మా?" అన్నాడు మద్దిలేటి, హెడ్‌ఫోన్లు ఊడదీసి. "ఆయమ్మకు ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదన్నా. చూడు, ఈ చుక్కలు చూడు. అన్నీ చిన్న చిన్న నక్షత్రాల గుంపులు. ఇవి గెలాక్సీలో లేవు. బయట ఉన్నాయి, తోకలో. ఎగిరిపోయిన గ్యాస్ ఊరికే చెదిరిపోలేదు. దారి పొడుగునా నక్షత్రాలు పుట్టించుకుంటూ పోయింది. నలభై రెండు లెక్కతేలాయి."

మద్దిలేటి స్క్రీను దగ్గరికి వంగి ఒక్కో చుక్కనూ చూశాడు. "ఇల్లు ఇడిచి పారిపోతా పోతా కూడా కనిందా?" అన్నాడు.

"కనింది."

"నలభై రెండా!"

"ఇప్పటికి నలభై రెండు."

అతను టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నాడు. కాసేపటికి బల్ల దగ్గరికి పోయి, నాలుక కొస బయటపెట్టి, మెల్లగా ఆ రోజు నివేదిక రాశాడు. రాసి నాకు ఇచ్చాడు.

"బాధితురాలు పేర్లు చెప్పలేదు. చెప్పే ధ్యాసలో లేదు. నలభై రెండు కాన్పులు. తల్లీబిడ్డలు క్షేమం."

కాన్పు అన్న మాట గెలాక్సీలకు వర్తిస్తుందో లేదో పదకోశంలో చూడాలి. జననాల విషయం ఈ విచారణ పరిధిలోకి రాదు. ఒకవేళ వచ్చినా దానికి వేరే శాఖ, వేరే ఫారం ఉన్నాయి. పంతొమ్మిదేళ్ళ అనుభవంతో ఈ అభ్యంతరాలన్నీ ఎర్ర సిరాతో రాయడానికి నేను కలం మూత తీశాను.

మద్దిలేటి నా ముఖంలోకే చూస్తున్నాడు. షాహీన్ గారు కూడా ఇటు తిరిగారు.

మూత పెట్టేసి, ముద్ర వేసి పంపాను.